పుక్కిట పట్టిన జేగురు

గవులకోట రాజ్యానికి వచ్చిన కష్టం వరద కాదు, కరువు కాదు, పొరుగు రాజు దండయాత్ర కూడా కాదు. అలాంటివి వస్తే జనం గుండెలు బాదుకుంటారు, తర్వాత తలో చెయ్యి వేసి గట్టెక్కుతారు. అక్కడి మనుషులకు అసలు ఏదీ పట్టకుండా పోయింది. కాలిలో ముల్లు దిగితే పీకి పారేసి నడిచేవారు, అమ్మా అని కూడా అనేవారు కాదు. పెళ్ళికొడుకు తాళి కట్టి, ఇక ఇంటికి వెళ్ళవచ్చా అని పురోహితుణ్ణి అడిగేవాడు. ఒకాయన ఇల్లు అంటుకుంటే ఎదురింటి అరుగు మీద కూర్చుని చివరి వాసం కూలేదాకా చూశాడు. తర్వాత, పొద్దుటి గంజి కుండ లోపలే ఉండిపోయిందని గుర్తు చేసుకున్నాడు.

పిల్లలూ, ఈ జబ్బు ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఊరి వెనక ఎర్రకొండ, ఆ కొండలో ఒక పెద్ద గుహ ఉన్నాయి. ఆ గుహ గోడ నిండా చేతుల గుర్తులే. ఊళ్ళో ఎవరికి బిడ్డ పుట్టినా ఇరవై ఒకటో రోజున అక్కడికి తీసుకువెళ్ళి, అరచేతికి జేగురు పూసి గోడకు ఒత్తేవారు. జేగురంటే ఆ కొండలో దొరికే ఎర్రరాయిని నూరి తీసే రంగు. చెయ్యి పడ్డాకే పేరు. చెయ్యి పడని బిడ్డకు పేరు ఉండదు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. గోడ మీది చేతులు దున్నవు, కోయవు, వండవు. అవి ఎందుకున్నాయంటే చెప్పగలిగినవాడూ లేడు. తాతల నాటి నుంచీ ఉన్నాయి, అంతే.

ఆ రాజ్యాన్ని ఏలే అమరకేతుడి భార్య హేమాంగి ఆడపిల్లను కని అదే రోజు కన్నుమూసింది. ఇరవై ఒకటో రోజున రాజు బిడ్డను ఎత్తుకుని గుహకు వచ్చాడు. హేమాంగి ఆ ఊరి బిడ్డే కనుక పసినాడు వేసిన ఆమె చెయ్యి కూడా గోడ మీద ఉంది, ఎక్కడుందో ఆమే ఒకప్పుడు చూపించింది. తమలపాకంత చెయ్యి. దాన్ని చూసేసరికి రాజుకు గుండెలో కొరివి పెట్టినట్లయింది. బిడ్డ చెయ్యి ఒత్తకుండానే వెనక్కి తిరిగి, గోడంతా సున్నం వేయించమని ఆజ్ఞాపించాడు. కంటికి కనపడకపోతే మనసుకూ కనపడదనుకున్నాడు పాపం. ఇకమీదట ఆ గోడ మీద చెయ్యి పెట్టినవాడి చెయ్యి నరికిస్తానని చాటింపు కూడా వేయించాడు.

సున్నం వెయ్యడానికి మద్దిలేటిని పిలిచారు. ఆ రాజ్యంలో సున్నపు బట్టీ కాల్చేవాళ్ళలో అతనే మొనగాడు. అతను వేసిన సున్నం పదేళ్ళయినా గోరంత ఊడేది కాదు. పన్నెండేళ్ళ కూతురు ఓబులిని సాయం తీసుకువెళ్ళాడు. మామూలుగా గోడను ముందు నీళ్ళతో తడిపే పని ఓబులిది. ఆ రోజు మద్దిలేటి, "నీళ్ళొద్దులే పాపా, సున్నం కుండ అందియ్యి చాలు" అన్నాడు. కుంచె ఆడిస్తున్నంతసేపూ అతని చెంపల మీద తడి కారుతూనే ఉంది. ఆఖరి చెయ్యి సున్నం కింద మునిగిపోగానే ఆ తడి ఆరిపోయింది. కుంచె కింద పెట్టి, "ఆకలిగా ఉందేమో తెలీడం లేదు" అన్నాడు.

ఆ రోజు నుంచీ ఊరంతా అదే తంతు. రాజుకు గుండెలో మంట పోయింది. మంటతోపాటు మిగతావన్నీ పోయాయి. ఏడ్చే కూతుర్ని దాదులకు అప్పగించాడు. ఆ కూతురూ త్వరలోనే ఏడవడం మానేసింది.

నెల తిరగకుండా ఓబులికి తమ్ముడు పుట్టాడు. పుట్టినప్పుడు ఏడవలేదు. మంత్రసాని వాణ్ణి తల్లి పక్కన పడుకోబెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. వాడు అడగడు. తల్లి ఎల్లక్కకు తోచదు. ఓబులి గుర్తు చేస్తే ఒడిలోకి తీసుకునేది, లేకపోతే గోడకేసి చూస్తూ కూర్చునేది. పది గుక్కలు తాగే పిల్లవాడు అయిదుకు దిగాడు, అయిదు కాస్తా మూడయింది.

ఓబులికి కూడా దిగులు లేదు. కానీ ఆమె బట్టీ దగ్గర పెరిగిన పిల్ల. కట్టె పడని మంట ముందు పసుపవుతుంది, తర్వాత ఎరుపవుతుంది, తర్వాత బూడిద కింద దాక్కుంటుంది. దాక్కున్న మంట మర్నాటికి ఉండదు. తమ్ముడి మొహంలో ఆ రంగులే వరసగా వస్తున్నాయని ఆమె గమనించింది. మంట ఆరిపోతుంటే చూస్తూ ఊరుకోకూడదని చిన్నప్పటి నుంచీ నేర్పారు కనుక లేచి బయలుదేరింది. ప్రేమతో బయలుదేరిందని చెప్పాలని నాకూ ఉంది. అబద్ధం చెప్పలేను.

ముందు తిరుపాలు తాత దగ్గరకు వెళ్ళింది. పిల్లల చేతికి పూసే జేగురు నూరేవాడు ఆయనే. ఇప్పుడు పని లేక నూరుడుబండ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"తాతా, ఈ జబ్బు పొయ్యేదానికి దారేమన్నా ఉందా?"

"ఉంది" అన్నాడు తాత, బావిలో నీళ్ళున్నాయని చెప్పినంత మామూలుగా. "మా అబ్బ చెప్పేవాడు. ఎండుబయలు దాటి, ఈదురుల కనుమ దాటితే తొలి గవి వస్తుంది. ఆడ తొలి అవ్వ ఉంటుంది. మొదటి చెయ్యి గోడకు పెట్టించింది ఆమేనంట. జేగురు అడుగు."

"మరి ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పలేదేం?"

"ఎవురూ అడగలేదు."

ఓబులి తమ్ముడి నోట్లో తడిగుడ్డతో ఆవుపాలు పిండి, రోజుకు ఆరుసార్లు ఇలాగే చెయ్యమని తండ్రికి చెప్పింది. చెప్పిన పని చెప్పినట్లు చేస్తాడు. జబ్బులో ఉన్న సుగుణం అదొక్కటే. ఆమె మూట కట్టుకుని నడక సాగించింది.

ఎండుబయలు నడిమధ్యలో ఒక నిప్పుకోడి ఆమెకు అడ్డంగా నిలబడింది. తాటిచెట్టులో సగం ఎత్తుంది. దాని కళ్ళు నిమ్మకాయలంత. ఒక్క తన్ను తన్నితే ఎద్దు కూడా లేవదు. ఓబులి దాని కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళబోయింది.

"ఆగు. నేనంటే నీకు భయం లేదా?" అంది పక్షి.

"లేదు. మా ఊళ్ళో ఎవురికీ లేదు."

పక్షి మెడ వంచి ఆమె మణికట్టు చూసింది. అక్కడ నల్లదారానికి ఒక తెల్లటి పూస ఉంది. గుండ్రంగా అరగదీసి, నడుమ బెజ్జం వేసి, అంచున మూడు గీతలు గీసిన పూస. ఓబులి అవ్వకు వాళ్ళ అవ్వ ఇచ్చింది. ఆ అవ్వకు ఎవరిచ్చారో తెలియదు.

"అది నా గుడ్డు పెంకు" అంది పక్షి. "వెయ్యి తరాల కింద పగిలిన గుడ్డు. మీవాళ్ళు పెంకు ఏరుకుపోయి రోజుల తరబడి అరగదీశారు. తినడానికి కాదు, తాగడానికి కాదు, చలికి కప్పుకోవడానికీ కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నాది నాకిచ్చెయ్యి."

ఓబులి వెంటనే దారం విప్పి చాచింది. పక్షి తన ముక్కును పూస దాకా తెచ్చి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"నువ్విచ్చే తీరు బాగాలేదు. చెత్త పారబోసినట్టు ఇస్తున్నావు. అది కట్టుకున్నవాళ్ళెవరూ ఇలా ఇవ్వలేదు. ఉంచుకో. ఇవ్వడానికి నీకు కష్టమైన రోజున తీసుకుంటాను."

"అయితే దారి ఇస్తావా?"

"పో" అని పక్షి ఒక కాలు ఎత్తింది.

మూడో రోజుకు ఆమె ఈదురుల కనుమ చేరింది. రెండు కొండల మధ్య సన్నటి సందు. అక్కడ దడపుట్టి అనే రాక్షసి కాపురం. అది మనుషుల మాంసం ముట్టదు, వాళ్ళ భయాన్ని జుర్రుకుని వదిలేస్తుంది. వదిలేశాక వాళ్ళు ఎలాగూ బతకరు. అది బండ వెనక నుంచి జడలు విరబోసుకుని లేచి, కొండలు అదిరేలా అరిచింది. ఓబులి చెవిలో వేలు పెట్టుకుని, అరుపు అయిపోయాక తీసింది.

"అయిపోయిందా? నేను పోవాల" అంది.

రాక్షసి తెల్లబోయింది. ఆమె చుట్టూ తిరిగి వాసన చూసింది. చెయ్యి పట్టి నాకి చూసింది. తుపుక్కున ఉమ్మింది.

"ఛీ, ఉప్పులేని పప్పు. ఏ ఊరే నీది? తల్లిదండ్రులు ఏం పెట్టి పెంచినారు?"

"గవులకోట. గంజి."

"నాలుగు నెలల నుంచీ ఆ దిక్కు నుంచి వచ్చేవాళ్ళంతా ఇట్లాగే ఉండారు. పస్తులతో చస్తన్నా" అని రాక్షసి వాపోయింది. "పో, పో. వచ్చేటప్పుడు చూద్దాంలే."

తొలి గవి, అంటే ఆ మొదటి గుహ, చిన్నది. వంగి లోపలికి వెళ్ళాలి. లోపల పగటి వెలుగు పైనున్న బొరియ గుండా ఒకే చోట పడుతోంది. ఆ వెలుగులో ఒక ముసలావిడ ఎర్రరాయిని రాతి మీద నూరుతూ కూర్చుంది. ఆమె వయసు ఎంతో ఊహించడం కష్టం. చేతివేళ్ళు మోచేతి దాకా ఎర్రగా ఉన్నాయి.

"అవ్వా, జేగురు కావాల. మా తమ్ముడు ఏడవడం లేదు" అంది ఓబులి.

"ఇస్తా బిడ్డా. ముందు ఆ గోడ చూసి ఏముందో చెప్పు."

గోడ మీద ఒకే ఒక చెయ్యి ఉంది. కానీ తమ ఊరి చేతుల్లాంటిది కాదు. చేతికి రంగు లేదు, చేతి చుట్టూ రంగు ఉంది. మధ్యలో రాయి అలాగే చెయ్యి ఆకారంలో మిగిలిపోయింది. తమలపాకంత చెయ్యి.

"పసిబిడ్డది. గోడకు పెట్టి, చుట్టూ రంగు చల్లినారు."

"చల్లలేదు. పుక్కిట పట్టి ఊదినాను. ఇంకా ఏం కనబడతాంది?"

ఓబులి మళ్ళీ చూసింది. చూసినంతసేపు లోపల ఏమీ కదల్లేదు. పనివాళ్ళ పిల్ల కనుక ఆమె కొలత వేసింది. నేల నుంచి గోడ మీది చేతి దాకా ఆమె తల దాటి జానెడు.

"ఇరవై రోజుల బిడ్డకు అంత ఎత్తు అందదు" అంది.

"మరెట్లా పడింది?"

"ఎవరో ఎత్తుకున్నారు."

"ఎత్తుకున్నోళ్ళ చెయ్యి యాడుంది?"

ఓబులి గోడంతా వెతికింది. పక్కన లేదు, కింద లేదు. మరో గుర్తే లేదు.

"వెతకొద్దు బిడ్డా" అంది అవ్వ. "ఎత్తుకున్నోళ్ళ చెయ్యి గోడ మీద ఉండదు. ఆ బిడ్డ నడుం కింద ఉంటుంది. వాడు నా కొడుకు. చెయ్యి పడిన మూడో దినానికి పోయినాడు. రాయి మీద ఈ గుర్తు ఎందుకని మావాళ్ళందరూ అడిగినారు. పొట్ట నింపుతుందా, పులిని తరుముతుందా అని. నాకు జవాబు తెలీదు. పొద్దున లేచి దీన్ని చూసుకునేదాన్ని. ఏడ్చుకునేదాన్ని. ఆపైన లేచి గడ్డలు తవ్వుకొచ్చుకునేదాన్ని."

ఓబులి తమ ఊరి గోడను తలుచుకుంది. అక్కడ చేతులన్నీ ఆమె తలకన్నా ఎత్తునే ఉండేవి. వాటిలో ఒకటి తనదే. రోజూ చూసిన గోడే, ఎప్పుడూ తోచలేదు. తనను ఎవరు ఎత్తారు? అమ్మ బాలింత, గుహ దాకా నడిచి ఉండదు. నాయన. సున్నానికి ఒరిసి పగిలిన ఆ వేళ్ళు తన నడుం కింద ఉన్నాయి ఆ రోజు. ఆ వేళ్ళే మొన్న ఆ గోడ మీద కుంచె ఆడించాయి. చెంపలు తడిసి, చేతులు మాత్రం ఆగకుండా.

చలికాలం తిమ్మిరెక్కిన కాలికి నెత్తురు తిరిగి పారేటప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలుసుగా. ముందు సూదులు, తర్వాత పోటు. ఓబులికి ఒళ్ళంతా అలాగే అయింది. తమ్ముడి మొహం కళ్ళ ముందుకు వచ్చింది. వాణ్ణి వదిలి మూడు రోజులయింది. ఆమె నేల మీద కూలబడి, నాలుగు నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది.

అవ్వ ఆపలేదు. అయిపోయేదాకా నూరుతూ కూర్చుని, నూరినదాన్ని నీళ్ళలో కలిపి దోసిట్లో పట్టింది.

"పుక్కిట పట్టుకో. నీ తమ్ముడి చెయ్యి గోడకు పెట్టి ఊదు. మింగినావా, నీలోనే రాయవుతుంది. ఉమ్మితే మట్టిపాలు. నోరు తెరిచి ఒక్క మాటన్నావా, ఆ మాటతోనే పోతుంది. మళ్ళీ ఇయ్యడానికి నా కాడ లేదు."

మట్టి రుచి, కాస్త ఇనుము రుచి. ఓబులి పెదవులు బిగించి అవ్వ కాళ్ళకు దణ్ణం పెట్టి బయటికి వచ్చింది.

వెళ్ళేటప్పుడు ఏ భయమూ లేకుండా నడిచిన దారి అదేనా అనిపించింది. ప్రతి పొద కదిలింది. కనుమ మొదట్లోనే దడపుట్టి ముక్కు ఎగబీలుస్తూ నిలబడింది.

"ఇప్పుడు కదా ఉప్పూ కారం సరిపోయింది" అని నాలుక చప్పరించింది.

ఓబులి పరుగెత్తింది. వెనక నుంచి అరుపు వస్తే కేక గొంతు దాకా వచ్చింది. పళ్ళతో ఆపింది. అప్పుడు రాక్షసి గొంతు మార్చి, అచ్చం ఎల్లక్కలా పిలిచింది. "ఓబులీ, తమ్ముడు పోయినాడే, ఒక్కసారి పలుకే." ఆమె ఓ అనబోయింది. కానీ ఆ పిలుపులో దుఃఖం నిండుగా ఉంది. ఇంటి దగ్గరున్న అమ్మకు దుఃఖం తెలియదు కదా. ఇది అమ్మ కాదు. పెదవులు ఇంకా గట్టిగా బిగించి, సందు దాటి ఎండుబయలులో పడింది. దడపుట్టి తన హద్దు దగ్గర నిలబడి మట్టి ఎగజిమ్మింది.

ఈసారి నిప్పుకోడి బయలు అంచునే నిలబడి ఉంది. ఓబులి వేలితో తూర్పున ఉన్న ఊరికేసి చూపింది, దాని వీపుకేసి చూపింది, మణికట్టు మీది దారం పట్టుకుంది. ముడి విప్పడానికి వేళ్ళు రాలేదు. చనిపోయేముందు ఇంట్లో తన అవ్వ ఆ పూస చేతికి కట్టడం గుర్తొచ్చింది. కన్నీళ్ళు కారుతుండగా విప్పి, అరచేతిలో పెట్టి చాచింది.

పక్షి మెడ దించి ఆమె మొహం చూసింది.

"ఓహో, దీని కోసమా మీరు అరగదీసింది" అని పూసను ముక్కున కరుచుకుని, ఆమె ఎక్కడానికి వీలుగా వంగింది. మూడు రోజుల దారి పూటలో దాటించింది.

ఇంట్లో తండ్రి ఆరోసారి పాలు పిండుతున్నాడు. పాలు పిల్లవాడి నోటి పక్క నుంచి కారిపోతున్నాయి. ఓబులి వాణ్ణి ఎత్తుకుని కొండకేసి పరుగు తీసింది. ఎక్కడికని తల్లిదండ్రులు అడగలేదు. పిల్లలు వెళుతున్నారు కనుక వెనకే నడిచారు.

గుహ ముందు రాజు అమరకేతుడు రాతి మీద కూర్చుని ఉన్నాడు. కొంతకాలంగా రోజూ వచ్చి కూర్చుంటున్నాడు, ఎందుకు వస్తున్నాడో అతనికే తెలియదు. దాది రాకుమార్తెను పక్కనే నేల మీద పడుకోబెట్టింది.

"ఎందుకొచ్చావు?" అన్నాడు రాజు.

ఓబులి గోడ దగ్గరకు వెళ్ళి తమ్ముడి అరచెయ్యి విప్పింది.

"ఆజ్ఞ ఉంది కదా. చెయ్యి నరకండి" అన్నాడు రాజు, మజ్జిగ పొయ్యమన్నంత తేలిగ్గా. భటుడు కత్తి దూశాడు. దూసి, ఎవరి చెయ్యి, కుడిదా ఎడమదా అని అడిగాడు. ఆ అడగడమే మేలు చేసింది. ఓబులి ఎడమచేత్తో తమ్ముడి నడుం పట్టి తలపైకి ఎత్తి, కుడిచేత్తో వాడి చెయ్యి సున్నానికి అదిమి, మునివేళ్ళ మీద లేచి, ఉన్న ఊపిరంతా పెట్టి ఊదింది.

ఎర్రటి తుంపర మొహాన పడేసరికి పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. నోరు తెరిచాడు. మొదట ఏ శబ్దమూ రాలేదు. తర్వాత వచ్చింది చూడండి ఏడుపు, గుహ గుహంతా గింగిరాలెత్తింది.

ఎల్లక్కకు పాలు చేపి రవిక తడిసిపోయింది. "నా తండ్రీ, నా బంగారూ, ఇన్నాళ్ళు నిన్నేం చేసినాను" అంటూ వచ్చి పిల్లవాణ్ణి లాక్కుని రొమ్ముకు అదుముకుంది. భటుడి కత్తి కింద పడింది. అప్పుడు గోడ మీద ఎర్రచుక్కల నడుమ మిగిలిన ఆ చిన్న చెయ్యి చుట్టూ సున్నం చిట్లింది. పెచ్చులు పెచ్చులుగా రాలడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి కనబడింది, పది కనబడ్డాయి, వందలు కనబడ్డాయి. ఒక్కదాని రంగైనా సున్నంతో పోలేదు.

ఊరు ఊరంతా అక్కడికి చేరింది. మద్దిలేటి వేసిన సున్నం ఊడడమేమిటని ముసలివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మద్దిలేటి గుంపులోంచి వచ్చి రాజు ముందు మోకరిల్లాడు.

"నేను గోడ తడపలేదు దొరా. తడపని గోడకు సున్నం అంటదు, పైపైన నిలుస్తుంది అంతే. మీ మాట కాదనే ధైర్యం నాకు లేకపాయె. ఆ చేతులు పోగొట్టడానికీ మనసు రాలేదు. మీరేం శిక్ష వేసినా పడతా."

రాజు వినలేదు. అతను గోడ మీద ఒక చోటికే చూస్తున్నాడు. హేమాంగి చెయ్యి పూర్తిగా బయటపడింది. గుండెలో కొరివి మళ్ళీ రాజుకుంది. ఈసారి అతను వెనక్కి తిరగలేదు. అందరి ముందూ గోడకు తల ఆనించి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేల మీది రాకుమార్తె కూడా అందుకుంది. అప్పుడే అతను కూతుర్ని సరిగా చూశాడు.

కథల్లో రాజులు అర్ధరాజ్యం ఇస్తామంటారు, అమరకేతుడూ అన్నాడు. ఎర్రకొండ చాలన్నది ఓబులి. ఆ కొండ మీద ఇక ఏ రాజు ఆజ్ఞా చెల్లదని రాయి మీద చెక్కించి ఇచ్చాడు. ఆమె తమ్ముడికి సుంకన్న అని పేరు పెట్టారు. కేకలయ్య అని పెట్టాలని ఊరివాళ్ళు పట్టుబట్టారు గానీ ఎల్లక్క ఒప్పుకోలేదు. తిరుపాలు తాత నూరుడుబండ ఓబులికి అప్పగించి, నడుం నొప్పి ఎంత హాయిగా తెలుస్తోందో అంటూ ఇంటికి వెళ్ళాడు.

ఆమె నూరిన మొదటి జేగురు రాకుమార్తెకే. రాజు తన బిడ్డ నడుం కింద చెయ్యి వేసి పైకెత్తాడు. ఓబులి చిన్న అరచెయ్యి పట్టి హేమాంగి చేతి పక్కనే ఒత్తింది. పసినాటి తల్లిదీ, కూతురిదీ, రెండు చేతులూ ఇంచుమించు ఒకే కొలత వచ్చాయి.